హెరాకిల్స్‌లు ఎంతమంది?

యమున ఒడ్డున ఉండే శూరసేనులు హెరాకిల్స్‌ను అందరికంటే మిన్నగా కొలుస్తారని మెగస్తనీస్ రాశాడు. వాళ్లకు రెండు పెద్ద ఊళ్లున్నాయట: మెథోర, క్లైసోబోర. మెథోర అంటే మథుర. రెండోది ఏ ఊరన్నదాని మీద పండితుల పేచీ ఇంకా తెగలేదు. ఈ మెగస్తనీస్ క్రీ.పూ. 300 ప్రాంతంలో, అలెగ్జాండర్ సేనానిగా ఉండి తర్వాత రాజైన సెల్యూకస్ తరఫున చంద్రగుప్త మౌర్యుడి దగ్గరికి రాయబారిగా వచ్చినవాడు. వాసనలు పీల్చి బతికే నోరులేని మనుషుల గురించి కూడా రాశాడు కాబట్టి ఆయన రాసిందంతా నమ్మక్కర్లేదు. కానీ మథుర సంగతి అలా కొట్టిపారేసేది కాదు. ఆయన పుస్తకం మనకు దక్కలేదు. తర్వాతి రచయితలు, ముఖ్యంగా దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆరియన్ అనే గ్రీకు రచయిత, ఎత్తి రాసుకున్న ముక్కలే మనకు ఆధారం.

మథురలో హెరాకిల్స్‌కేం పని? హెరాకిల్స్ దేవరాజు జ్యూస్‌కు ఒక మానవ స్త్రీ వల్ల పుట్టిన వీరుడు. ఉయ్యాలలో ఉండగానే రెండు పాముల్ని పిసికి చంపాడు. సింహాన్ని, తలలు నరికితే మళ్లీ మొలిచే నీటిసర్పాన్ని, ఇంకా నానా భూతాల్ని మట్టుబెట్టాడు. చేతిలో దుడ్డుకర్ర, ఒంటిమీద సింహం తోలు. చచ్చిపోయాక దేవుళ్లలో చేరాడు. ఈ లక్షణాలు పట్టుకుని మథుర వీధుల్లో వెతికితే మనకు ఎవరు కనిపిస్తారో వేరే చెప్పక్కర్లేదు. పసితనంలోనే రాక్షసుల్ని చంపినవాడు, పాము పడగల మీద ఆడినవాడు, మనిషిగా పుట్టి దేవుడిగా పూజలందుకున్నవాడు. చాలామంది పండితులు ఈ హెరాకిల్స్ కృష్ణుడే అంటారు. చేతిలో రోకలి, నాగలి ఉంటాయి కదా, బలరాముడు ఎందుకు కాకూడదని కొందరంటారు.

అయితే ఆరియన్ చెప్పే కథలో ఇంకో మెలిక ఉంది. ఈ భారతీయ హెరాకిల్స్‌కు కొడుకులు బోలెడుమంది, కూతురు మాత్రం ఒక్కతే, పేరు పాండయ్య. ఆమె అలంకారం కోసమే సముద్రంలోంచి ముత్యాలు తెప్పించాడట. ఆమెకు ఒక రాజ్యం, 500 ఏనుగులు ఇచ్చాడట. ముత్యాలు, పాండయ్య అనగానే పాండ్య దేశం గుర్తొస్తుంది. మథుర కథలో దక్షిణాది కథ ఎక్కడో అతుక్కుంది. కృష్ణుడికీ దీనికీ పొంతన లేదు, గ్రీకు హెరాకిల్స్‌కూ లేదు. మెగస్తనీస్‌కు ఎవరో ఏదో చెప్పారు, ఆయన దాన్ని తనకు తెలిసిన గూట్లో పెట్టుకున్నాడు.

ఇలా పెట్టుకోవడాన్ని పండితులు లాటిన్‌లో ‘ఇంటర్‌ప్రెతాతియో’, అంటే అన్వయం, అంటారు. ఊరికి దూరంగా వెళ్లిన మనవాళ్లు చేసేదీ ఇదే. ఉత్తరాదిలో శీతలమ్మ గుడి చూసిన తెలుగువాడు, ఆమె మశూచి తల్లి అని వినగానే ‘ఓ, మన పోలేరమ్మే’ అంటాడు. అక్కడితో ఆయన పని అయిపోతుంది. శీతల వాహనం గాడిదా, చేతిలో చీపురు ఎందుకు అనేవి ఆయనకు అక్కర్లేదు. ‘ఈమె దేనికి?’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే చాలు.

తిరకాసంతా ఇక్కడే. రెండు దేవుళ్ల మధ్య ‘సమానం’ గుర్తు పెట్టిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక లక్షణాన్ని పట్టుకుని పెట్టారు. ఒకరు ఆయుధం చూశారు, ఒకరు చేసే పని చూశారు, ఒకరు తమ రాజకీయ అవసరం చూసుకున్నారు. అందుకే లెక్కల్లో లాగా ‘అ = ఆ, ఆ = ఇ, కాబట్టి అ = ఇ’ అని ఇక్కడ కుదరదు. గొలుసులో ఏ లంకెకు ఆ లంకె బాగానే ఉంటుంది. మొత్తం గొలుసు ఎత్తి చూస్తే బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టు ఉంటుంది.

ఈ అలవాటు గ్రీకులతో మొదలవలేదు. వాళ్లకంటే వెయ్యేళ్లకు పైగా ముందే మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) లేఖకులు మట్టి పలకల మీద దేవుళ్ల పట్టికలు రాసుకున్నారు. సుమేరియన్ల ఇనన్నా అక్కడ అక్కాడియన్ల ఇష్తార్, ఉతు అంటే షమష్. సిరియా తీరంలోని ఉగరిత్ పట్టణంలో క్రీ.పూ. 13వ శతాబ్దంలో ఇవే పట్టికల్ని హురియన్, ఉగరితిక్ పేర్లు కూడా చేర్చి రాశారు. ఇందులో భక్తి పాలు తక్కువ. నాలుగు భాషల ఉత్తరాలు చూసే ఆఫీసులో గుమస్తాలకు అవసరమైన నిఘంటువు అది.

ఇంకో అవసరం ఒట్టు. ఇద్దరు రాజులు సంధి చేసుకుంటారు. మాట తప్పితే నీ దేవుడు నిన్ను శిక్షించాలి, నా దేవుడు నన్ను శిక్షించాలి. నీకు భయం లేని దేవుడి మీద నువ్వు ఒట్టేస్తే నాకేం భరోసా? అందుకని రెండు వైపుల దేవుళ్లనూ సాక్షులుగా పిలిచేవారు. అవతలివాడి సాక్షి ఎవరో, ఎంతటివాడో ఇవతలివాడికి అర్థం కావాలి కదా. జర్మన్ పండితుడు యాన్ అస్మాన్ ఈ దేవుళ్ల అనువాదానికి పుట్టిల్లు సంధి పత్రాలే అంటాడు. నాకు ఆ మాట సబబుగానే తోస్తుంది.

క్రీ.పూ. 1259లో ఈజిప్టు రాజు రామ్సెస్ 2, ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ల రాజు హట్టుసిలి 3 చేసుకున్న సంధిలో దీన్ని దగ్గరగా చూడొచ్చు. వెండి పలక మీద చెక్కించిన అసలు ప్రతి పోయింది. ఈజిప్టు భాషలో దాని నకలు కర్నాక్ గుడి గోడమీద ఉంది. హిట్టైట్లకు ముఖ్యుడు ఉరుముల దేవుడు. ఈజిప్టు లేఖకుడు ఆ పేరు వచ్చిన చోటల్లా ‘సెత్’ అని రాశాడు. ఫలానా ఊరి సెత్, ఫలానా ఊరి సెత్ అంటూ హిట్టైట్ ఊళ్ల వరస సాగుతుంది. వెండి పలక మీద హిట్టైట్ రాజును సెత్ కావలించుకుని ఉన్న బొమ్మ ఉందని కూడా అదే గోడమీద వివరం రాశారు. సెత్ అంటే తుఫానులు, ఎడారులు, పరాయి దేశాల దేవుడు. సిరియా వైపు ఉరుముల దేవుడు బాల్‌ను కూడా ఈజిప్షియన్లు ఎప్పటినుంచో సెత్‌గానే లెక్కేసేవారు. రామ్సెస్ తండ్రి పేరే సేతి, సెత్ మీద పెట్టుకున్న పేరు. కాబట్టి ఇది అవమానమేం కాదు, గౌరవమే.

తర్వాతి శతాబ్దాల్లో కథ అడ్డం తిరిగింది. పరాయి పాలకులు ఈజిప్టును ఏలడం మొదలయ్యాక పరాయి దేశాల దేవుడంటే జనానికి మంట పుట్టింది. అన్న ఒసైరిస్‌ను చంపిన పాపం సెత్‌కు ముందునుంచే ఉంది, ఇప్పుడు అదే ముందుకొచ్చింది. అతని బొమ్మల్ని చెక్కి చెరిపేశారు. గ్రీకులు వచ్చి ఈ సెత్ ఎవరని అడిగి, అంతా విని, తమ కథల్లో జ్యూస్ మీద తిరగబడిన భయంకర రాక్షసుడు టైఫన్‌తో జత కలిపారు. బాగానే ఉంది. కానీ ఇప్పటి టర్కీ-సిరియా సరిహద్దులో కాసియస్ అనే కొండ మీద బాల్‌కు పూజలు జరిగేవి. ఆ బాల్‌ను ఇదే గ్రీకులు జ్యూస్ అన్నారు. జ్యూస్, టైఫన్ కొట్టుకున్నది కూడా ఆ కొండ మీదే అన్నారు! బాల్ అంటే సెత్, సెత్ అంటే టైఫన్, బాల్ అంటే టైఫన్‌ను చావగొట్టిన జ్యూస్. తనతో తానే కుస్తీ పట్టిన దేవుడన్నమాట. దీని గురించి ఆ రోజుల్లో ఎవరూ టెన్షన్ పడలేదు. ఎందుకంటే ఈ మూడు లంకెలూ వేరు వేరు చోట్ల, వేరు వేరు కాలాల్లో, వేరు వేరు పనుల కోసం వేసినవి.

హెరాకిల్స్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఇప్పటి లెబనాన్‌లోని టైర్ నగరానికి కులదేవుడు మెల్‌కార్త్. గ్రీకులు ఆయన్ను హెరాకిల్స్ అన్నారు, టైర్ జనమైన ఫినీషియన్లూ ఊఁ కొట్టారు. మాల్టా ద్వీపంలో దొరికిన క్రీ.పూ. 2వ శతాబ్దపు రెండు చలువరాతి స్తంభాల మీద ఒకే మొక్కుబడి రెండు భాషల్లో ఉంది. ఫినీషియన్‌లో ‘టైర్ స్వామి మెల్‌కార్త్‌కు’, గ్రీకులో ‘హెరాకిల్స్‌కు’. అంతకంటే తమాషా మొక్కుకున్న అన్నదమ్ముల పేర్లలో ఉంది. ఫినీషియన్‌లో పెద్దాయన అబ్దొసిర్, అంటే ఒసైరిస్ దాసుడు. గ్రీకులోకి వచ్చేసరికి ఆయన డయొనీసియస్ అయ్యాడు. ఒసైరిస్ అంటే గ్రీకుల ద్రాక్షసారా దేవుడు డయొనీసస్సే అన్న లెక్క అప్పటికే చెలామణిలో ఉంది కాబట్టి దేవుడితోపాటు మనిషి పేరు కూడా మారింది. తమ్ముడు ఒసిర్‌షమర్ గ్రీకులో సరాపియాన్. వ్యాపారులు కాబోలు, ఇంట్లో ఒక పేరు, రేవులో ఒక పేరు. ఫ్రెంచి పండితుడు బార్తెలెమీ 1758లో ఫినీషియన్ లిపి గుట్టు విప్పింది ఈ రెండు భాషల రాళ్ల సాయంతోనే.

అన్నదమ్ములకు సౌకర్యంగా ఉన్న సమీకరణమే టైర్ నగరాన్ని ముంచింది కూడా. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ టైర్ ముందు దండు దించి, లోపల హెరాకిల్స్‌కు బలి ఇచ్చుకుంటానని కబురు పంపాడు. మాసిడోనియా రాజులు హెరాకిల్స్ వంశస్థులమని చెప్పుకునేవారు. అంటే తాత గుడికి మనవడు వస్తానంటున్నాడు, ఎవరు కాదంటారు? టైర్ వాళ్లు కాదన్నారు. తమ నగరదేవుడికి బలి ఇవ్వడమంటే నగరం మీద హక్కు చాటుకోవడమేనని వాళ్లకు తెలుసు. ఊరి బయట పాత టైర్‌లో కూడా గుడి ఉంది, అక్కడ ఇచ్చుకోమన్నారు. ఏడు నెలల ముట్టడి తర్వాత నగరం పడింది. వేలమంది చచ్చారు, మిగిలినవాళ్లలో చాలామంది బానిసలుగా అమ్ముడుపోయారు. అలెగ్జాండర్ లోపలికి వెళ్లి తాపీగా బలి ఇచ్చుకున్నాడు. ఈ కథ చెబుతూ ఆరియన్ ఒక మాట కలుపుతాడు: టైర్ హెరాకిల్స్ వేరు, మన గ్రీకు హెరాకిల్స్ వేరు.

ఈ అనుమానం అప్పటికే పాతది. అలెగ్జాండర్‌కు వందేళ్ల ముందు గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ ఈ సంగతి తేల్చుకోవడానికే పడవెక్కి టైర్ వెళ్లాడు. గుడిలో మేలిమి బంగారు స్తంభం ఒకటి, రాత్రిళ్లు మెరిసే పచ్చరాతి స్తంభం ఒకటి చూశానన్నాడు. గుడి కట్టి ఎన్నాళ్లయిందని పూజారుల్ని అడిగితే 2,300 ఏళ్లన్నారు. గ్రీకు వీరుడు హెరాకిల్స్ అంత పాతవాడు కాదు. అందుకని హెరోడొటస్ ఒక తీర్పు చెప్పాడు: హెరాకిల్స్‌లు ఇద్దరు, ఒకరు అనాదిగా ఉన్న దేవుడు, ఒకరు తర్వాత పుట్టిన వీరుడు. సమీకరణం తప్పని మాత్రం అనలేదు. దేవుళ్ల సంఖ్యను పెంచేశాడు. క్రీ.పూ. 45లో రోమన్ రచయిత సిసిరో దేవతల మీద పుస్తకం రాసేనాటికి హెరాకిల్స్‌లు ఆరుగురయ్యారు. ఈజిప్టువాడొకడు, టైర్ వాడొకడు, ఇండియావాడొకడు. గ్రీకుల అసలు హెరాకిల్స్ ఆరోవాడు. సిసిరో ఆ జాబితాను వెటకారానికే చెప్పిస్తాడు.

అలెగ్జాండర్ సైన్యం మన దేశంలోకి వచ్చాక హెరాకిల్స్ వేట జోరందుకుంది. స్వాత్ లోయ దాపున ఆవర్నోస్ అనే కొండకోటను హెరాకిల్స్ అంతటివాడే పట్టలేకపోయాడని పుకారు లేచింది, అలెగ్జాండర్ పట్టుకున్నాడు. తోళ్లు కట్టుకుని, కర్రలు పట్టుకుని, పశువుల మీద దుడ్డుకర్ర ముద్ర వేసుకునే శిబి జనం కనిపిస్తే, హెరాకిల్స్ దండులోంచి వెనకబడినవాళ్ల వారసులని తేల్చేశారు. భూమి చుట్టుకొలత లెక్కగట్టిన ఎరతోస్తెనీస్ ఇదంతా అలెగ్జాండర్‌ను పొగడడానికి మాసిడోనియావాళ్లు అల్లిన కబుర్లని తీసిపారేశాడు. ఆ కాలంలోనే నమ్మనివాళ్లు ఉన్నారని మనం మర్చిపోతుంటాం.

ఇరాన్ వైపు హెరాకిల్స్ జొరాస్ట్రియన్ల విజయదేవుడు వెరెత్రఘ్నతో కలిశాడు. ఇరాక్‌లో దొరికిన ఒక చిన్న కంచు హెరాకిల్స్ ఒక తొడమీద గ్రీకు శాసనం, ఇంకో తొడమీద పార్థియన్ శాసనం ఉన్నాయి. క్రీ.శ. 151 ప్రాంతంలో ఇరాన్‌ను ఏలే పార్థియన్ రాజు దక్షిణ ఇరాక్‌లోని మెసెనె రాజ్యాన్ని గెలిచి దీన్ని తెచ్చి గుళ్లో పెట్టించాడని రెండూ చెబుతాయి. గ్రీకు వైపు హెరాకిల్స్, అపొల్లో గుడి. పార్థియన్ వైపు వెరెత్రఘ్న, తీర్ గుడి. గాంధారంలో అయితే హెరాకిల్స్ బుద్ధుడి పక్కన అంగరక్షకుడు వజ్రపాణిగా నిలబడ్డాడు. అఫ్ఘానిస్తాన్‌లో హడ్డా దగ్గర దొరికిన శిల్పంలో భుజం మీద సింహం తోలు అలాగే ఉంది, చేతిలో దుడ్డుకర్ర పోయి వజ్రాయుధం వచ్చింది. అక్కడ శిల్పి బొమ్మను అరువు తెచ్చుకున్నాడంతే, ఇద్దరూ ఒకటేనని అనలేదు. ఈ తేడా ముఖ్యం, రెండింటినీ ఒకే గాటన కట్టే రాతలు చాలా ఉన్నాయి.

రోమన్లు ఈ పనిని దాదాపు పాలనా పద్ధతిగా మార్చారు. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) జనం అందరికంటే ఎక్కువగా మెర్క్యురీని, తర్వాత అపొల్లో, మార్స్, జూపిటర్, మినర్వాలను కొలుస్తారని సీజర్ రాశాడు. వాళ్ల సొంత పేర్లు ఒక్కటీ చెప్పలేదు. పాపం, గాల్ దేవుళ్లు ఎవరో తేల్చుకోలేక పండితులు ఇప్పటికీ తంటాలు పడుతున్నారు. ‘రోమన్ అన్వయం’ అన్న మాట వాడింది రోమన్ చరిత్రకారుడు టాసిటస్, క్రీ.శ. 98లో, జర్మన్ తెగల గురించి రాస్తూ. అక్కడి అల్కి అనే జంట దేవతలు రోమన్ అన్వయం ప్రకారం కాస్టర్, పొలక్స్ అన్నాడు.

సామాన్య జనానికి ఈ పండిత చర్చలు పట్టవు. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో వేడినీటి ఊట దగ్గర స్థానిక దేవత సూలిస్. రోమన్లు వచ్చి సూలిస్ మినర్వా అని జంట పేరు పెట్టారు. ఆ ఊటలో దొరికిన సీసపు రేకులు దాదాపు 130, ఎక్కువభాగం దొంగల మీద శాపనార్థాలే. డొకిమెడిస్ అనే ఆయన చేతితొడుగులు రెండు పోయాయి. ఎత్తుకుపోయినవాడి మతి చెడాలి, కళ్లు పోవాలి అని దేవతకు రేకు రాసి పడేశాడు. రోమ్ మినర్వా చదువులకు, చేతిపనులకు దేవత. తొడుగుల దొంగను పట్టే పని సూలిస్‌ది. పేరు ఏది పెట్టినా ఊరి అమ్మవారు తన పని తాను చేసుకుపోయింది.

అందరూ ఒప్పుకున్నారా అంటే, లేదు. క్రీ.పూ. 167లో సెల్యూకస్ వంశపు రాజు ఆంటియోకస్ 4 జెరూసలేం గుడిని ఒలింపియన్ జ్యూస్ గుడిగా మార్చాడు. ఆకాశానికి అధిపతి, అందరికంటే పైవాడు, జ్యూస్ కాక మరెవరు అని ఆయన లెక్క కావచ్చు. యూదుల దేవుడి మొదటి షరతే తనతో ఇంకొకరిని కలపొద్దని. తిరుగుబాటు లేచి, క్రీ.పూ. 164లో గుడిని శుద్ధి చేసి తిరిగి నిలబెట్టుకున్నారు. యూదుల హనుక్కా పండగ అందుకే.

ఇంకో రకం కాదనడం మన దగ్గర జరిగింది, గొడవ లేకుండా. విదిశ దగ్గర బేస్‌నగర్‌లో క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో హీలియోడొరస్ అనే గ్రీకు రాయబారి గరుడ స్తంభం నిలబెట్టాడు. తక్షశిల నుంచి ఆంటియల్కిడస్ అనే గ్రీకు రాజు పంపితే వచ్చినవాడు. 1877లో బ్రిటిష్ పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ చూసినప్పుడు జనం దానికి పూజలు చేస్తూ సిందూరం మందంగా పూసి ఉంచారు, కింద అక్షరాలున్నట్టు తెలియలేదు. 1909లో పూత తీస్తే బ్రాహ్మీ లిపి బయటపడింది. దేవదేవుడైన వాసుదేవుడి గరుడధ్వజమిది, భాగవతుడైన హీలియోడొరస్ చేయించాడు అని ఉంది. మెగస్తనీస్ లాగే ఈయనా రాయబారే, గ్రీకువాడే. హెరాకిల్స్ అన్న మాట ఎక్కడా రాయలేదు. మెగస్తనీస్ రాసింది సొంత ఊరి పాఠకుల కోసం, వాళ్లకు వాసుదేవుడంటే తెలియదు. హీలియోడొరస్ చెక్కించింది విదిశ జనం కోసం, దేవుడి కోసం. మొక్కే దేవుడి ముందు నిలబడినవాడికి అనువాదంతో పనేముంది?

చివరగా గురువారం సంగతి. బాబిలోన్ జ్యోతిష్కులకు ఆకాశంలో ఒక పెద్ద గ్రహం తమ ప్రధాన దేవుడు మార్దుక్‌ది. గ్రీకులు ఆ గ్రహాన్ని జ్యూస్ నక్షత్రమన్నారు, రోమన్లు జూపిటర్ అన్నారు. గ్రహాల వరసతో ఏడు రోజుల వారం ఏర్పడినప్పుడు ఒక రోజు జూపిటర్‌కు దక్కింది. ఉత్తర యూరప్ తెగలు ఆ రోజును ఉరుముల దేవుడు థోర్‌కు ఇచ్చాయి. సరదా ఏమిటంటే, టాసిటస్ జర్మన్ల దగ్గర చూసిన హెర్క్యులిస్ (హెరాకిల్స్‌కు రోమన్ పేరు) కూడా ఈ థోరే అయి ఉండాలని చాలామంది అంటారు. చేతిలో ఆయుధం చూస్తే హెర్క్యులిస్, ఉరుము వింటే జూపిటర్.

అదే వారం మన దేశానికీ వచ్చింది. ఇక్కడ ఉరుము, వజ్రాయుధం ఇంద్రుడివి, ఆ లెక్కన రోజు ఇంద్రుడికి రావాలి. కానీ జ్యోతిష్కులు ఉరుము చూడలేదు, గ్రహం చూశారు. గ్రహం బృహస్పతిది. విదిశకు ఎంతో దూరం లేని ఎరణ్‌లో క్రీ.శ. 484 నాటి విష్ణు స్తంభం మీద ఆషాఢ శుద్ధ ద్వాదశి, ‘సురగురువు దినం’ అని తేదీ వేశారు. వారం పేరుతో తేదీ ఉన్న మన తొలి శాసనాల్లో అదొకటి. దేవతల గురువు రోజు కాబట్టి మెల్లగా అది గురువులందరి రోజయింది. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గురువారం సాయంత్రం సాయిబాబా గుడి దగ్గర బండి పెట్టే చోటు దొరకదు. మార్దుక్ నుంచి ఇక్కడిదాకా ప్రతి లంకె వెనకా ఎవరో ఒకరి నిఖార్సైన కారణం ఉంది. అలాగని ఆ క్యూలో నిలబడినవాళ్లతో మార్దుక్ పేరెత్తి చూడండి, ఏమంటారో.